పడమటి ఊటలో రంగు

మా గనిలో నన్ను చుక్కలమ్మ అంటారు. నా ఎదురుగా అనరు, పక్క గదిలో అంటారు. గోడలు రేకులవి కాబట్టి నాకు చక్కగా వినబడుతుంది. మొదట్లో ఒళ్ళు మండేది. ఇప్పుడు అలవాటైపోయింది, పైగా అందులో అబద్ధమేమీ లేదు. పన్నెండేళ్ళుగా నేను ఒక రాళ్ళ గుట్ట అడుగున కూర్చుని, దాంట్లోంచి కారే నీళ్ళని సీసాల్లో పట్టి, నిమిషానికి ఎన్ని చుక్కలో రాసుకుంటున్నాను.

ఆ గుట్టని మేం డంపు అంటాం. గనిలోంచి పనికొచ్చే రాయి ఏరుకున్నాక మిగిలినదాన్ని డంపర్ లారీల్లో తెచ్చి అక్కడ పోస్తారు. ముప్ఫై ఏళ్ళపాటు పోస్తే అది కొండే. ఆ రాళ్ళలో గంధకం ఉంటుంది. దానికి గాలీ వాననీళ్ళూ తగిలితే ఆ నీళ్ళు పుల్లబడతాయి. పుల్లబడ్డ నీళ్ళు రాళ్ళలోని ఇనుమునీ ఇంకా నానా రకాల లోహాలనీ కరిగించి, వెంటబెట్టుకుని కిందికి దిగుతాయి. ఏ పక్క దిగుతాయో ముందే తెలిస్తే అక్కడ కందకం తవ్వి పట్టుకుని, సున్నం కలిపి శుభ్రం చేసి వదలొచ్చు. తెలియకపోతే అవి ఎవరింటికి పోతాయో వాళ్ళ ఖర్మ.

బయటినుంచి చూసేవాళ్ళకి డంపంటే ఒట్టి రాళ్ళ కుప్ప. లోపల దాని తీరు దానికుంది. డంపర్ అంచుమీద ఆగి తొట్టి ఎత్తితే పెద్ద రాళ్ళు దొర్లుకుంటూ అడుక్కి పోతాయి, సన్నది పైనే నిలుస్తుంది. దానిమీద చక్రాలు తిరిగి తిరిగి ఆ పైభాగం గచ్చులా బిగుసుకుంటుంది. దానిమీద ఇంకో అంతస్తు పోస్తారు. అందుకని లోపలికి దిగిన నీళ్ళు తిన్నగా పోవు. కొన్ని పెద్ద రాళ్ళ సందుల్లోంచి ఒక్క పూటలో కిందికొచ్చేస్తాయి. కొన్ని సన్నమట్టిలో ఇంకి, అత్తారింటికొచ్చిన అల్లుడిలా ఏళ్ళతరబడి కదలవు. ఇంకొన్ని గచ్చులాంటి పొర తగిలితే అక్కడే పక్కకి తిరిగి, దానిమీద జారుకుంటూ ఎక్కడో మనం అనుకోని చోట తేలతాయి. ఈ మూడో రకం నీళ్ళే నా కొంప ముంచాయి.

డంపుకి తూర్పున వాగు. పడమట మా వదిన లాండ్రీ.

వదినంటే మా ఆయనకి స్వయానా అక్క. ఆవిడది పెద్ద రేకుల షెడ్డు. లోపల మూడు పెద్ద మెషిన్లు, వెనక పెరట్లో సిమెంటు తొట్టి, దాని పక్కన బావి. ఆరుగురు ఆడవాళ్ళు పనిచేస్తారు. ఊళ్ళో పెద్దాస్పత్రి దుప్పట్లు, రోగుల గౌన్లు, డాక్టర్ల తెల్లకోట్లు అన్నీ అక్కడికే వస్తాయి. తెల్లబట్ట తెల్లగా తిరిగిపోవాలి, అంతే ఆ వ్యాపారం. ఆ బావి నీళ్ళు, ఆ ఆస్పత్రి బట్టలు, ఈ రెండింటి మీదే ఏడు ఇళ్ళు నడుస్తాయి.

మా వదినకి నేనెంత రుణపడి ఉన్నానో చెప్పకుండా ఈ కథ చెప్పడం కుదరదు. పెళ్ళయి, బిడ్డ పుట్టాక నేను మళ్ళీ చదువుకుంటానన్నాను. ఇంట్లో అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వదిన మాత్రం, "చదువుకోనివ్వండి, పిల్ల సంగతి నేను చూసుకుంటాను" అని, మర్నాటినుంచే పిల్లని చంకనేసుకుని లాండ్రీకి తీసుకుపోయింది. మూడేళ్ళు. నా కూతురు ఇస్త్రీ చేసిన దుప్పట్ల బుట్టలో వెచ్చగా నిద్రపోయి పెరిగింది. దానికి మొదట వచ్చిన మాట అమ్మ కాదు, ఇస్త్రీ. పరీక్షల నెలలో నా బట్టలు కూడా ఆవిడే ఉతికించి, మడతల మధ్య "బాగా రాయి" అని చీటీ పెట్టి పంపేది. నేనీ ఉద్యోగం చేస్తున్నానంటే అది ఆవిడ పెట్టిన భిక్షే. ఈ మాట ఆవిడతో ఎన్నడూ అనలేదు. మా ఇళ్ళల్లో అలాంటివి పైకి అనుకోం.

ఇక అసలు సంగతి. నిరుడు వానలకి ముందు పెద్ద ఇంజనీరు నన్ను పిలిచాడు.

"డంపు నెత్తిన పడే నీళ్ళు ఎటు దిగుతున్నాయో తేల్చి చెప్పండమ్మా. మళ్ళీ వానలొచ్చేలోపు కందకం పూర్తి చెయ్యాలి. ఉన్న తవ్వే మెషిన్లతో ఒక పక్కే అవుతుంది. తూర్పా పడమరా, మీరు ఏదంటే అది."

తేల్చడానికి ఒక పద్ధతుంది. హాని చెయ్యని రంగు ఒకటి ఉంటుంది. నీళ్ళలో కలిపితే చిలకపచ్చగా మెరుస్తుంది. దాన్ని డంపు పైన చల్లి, కింద ఊటల్లో రోజూ సీసా పట్టి చూడాలి. ఎక్కడ రంగు తేలితే నీళ్ళు అక్కడికి వస్తున్నట్టు. కంటికి ఆననంత కొంచెమున్నా దాన్ని కొలిచే మెషిన్ మా దగ్గరుంది. నేను డ్రమ్ముల్లో రంగు కలిపాను, పైన చల్లించాను. వారం రోజులు నా చేతులూ చెప్పులూ పచ్చగానే ఉన్నాయి. మా అమ్మాయి బళ్ళో అందరికీ మా అమ్మ చిలకైపోయిందని చెప్పుకుంది.

పంతొమ్మిదో రోజున తూర్పు ఊటలో రంగు తేలింది. పడమటి ఊటలో లేదు. నాలుగు నెలలు చూశాను. వదిన బావిలోంచి కూడా మూడుసార్లు పట్టుకొచ్చాను. పడమటి పక్క ప్రతి గడిలోనూ సున్నా. ఆ ఊట నీళ్ళు బాగా పులుపు, బావి నీళ్ళు కూడా కాస్త పులుపు తిరిగాయి. అదీ రాసుకున్నాను, సున్నాల పక్క గడిలోనే. పులుపు ఆ పక్క వాలుమీద పడ్డ కొద్దిపాటి వానదిలే అనుకున్నాను. డంపు మీది నీళ్ళన్నీ తూర్పుకే దిగుతున్నాయి, పడమటికి రావడం లేదని రిపోర్టు రాసి సంతకం పెట్టాను. అదే రోజు వదినకి ఫోన్ చేసి మరీ చెప్పాను.

"నీ బావికి ఏ భయమూ లేదు వదినా. స్వయంగా పరీక్షించాను."

"నువ్వు చూశాక ఇంకేముంది" అంది వదిన.

రెండు నెలలు గడిచాయి. ఒకరోజు మధ్యాహ్నం వదిన ఫోన్ చేసింది. నేను కందకం నక్షాల్లో తలమునకలై ఉన్నాను. ముక్కుమీద కోపం నాకు పుట్టుకతో వచ్చింది, పనిలో ఉంటే ఇంకాస్త ముందుకొచ్చి కూర్చుంటుంది.

"ఏమ్మా మరదలు పిల్లా, దుప్పట్లు పసుపెక్కుతున్నాయే. ఎంత ఉతికినా పోవడం లేదు. తొట్లో నీళ్ళు కూడా అదోరకంగా మెరుస్తున్నాయి."

"సబ్బులో తెల్లదనానికి ఏదో కలుపుతారు వదినా, అది ఎండలో మెరుస్తుంది. కంపెనీ మార్చి చూడు. పసుపంటావా, పైపులు తుప్పుపట్టి ఉంటాయి."

"సబ్బు కాదే, సబ్బు ఇంకా..."

"పనిమీదున్నాను వదినా, మళ్ళీ చేస్తాను."

మళ్ళీ చెయ్యలేదు. మర్చిపోయాను అని చెప్పుకుంటే బావుంటుంది గానీ, నిజానికి చిరాకేసింది. నాలుగు నెలలు ఎండనకా వాననకా కూర్చుని చూసినదాన్ని నేను, తొట్లో మెరుపు చూసి ఆవిడ నాకు చెప్పడమేమిటని. అలా అనుకున్నందుకు ఇప్పటికీ నామీద నాకు అసహ్యంగా ఉంటుంది.

నెల తిరిగేసరికి మా ఆయన అన్నం ముందు కూర్చుని, "అక్కకి ఆస్పత్రివాళ్ళు బట్టలు పంపడం ఆపేశారట" అన్నాడు. ఆ ఆదివారం పొద్దున్నే లాండ్రీకి వెళ్ళాను.

మూడు మెషిన్లలో రెండింటిమీద గుడ్డలు కప్పి ఉన్నాయి. ఆరుగురిలో ఇద్దరే ఉన్నారు. మిగతా నలుగుర్నీ, పని దొరికాక పిలుస్తానని ఇంటికి పంపిందట. గోడ పొడుగునా కొత్త పైపులు ధగధగలాడుతున్నాయి. వదిన మాత్రం ఎప్పటిలాగే చేతులు మోచేతుల దాకా తడుపుకుని ఎదురొచ్చింది.

"రా రా. ఉతకడానికి నీ గని కోటు తేలేదా? ఇప్పుడు నాకు తీరికే తీరిక, బొత్తాలు కూడా కుట్టిపెడతాను."

నవ్వుతూనే అంది. నాకు నవ్వు రాలేదు. పెరట్లో తొట్టిగట్టు మీద కూర్చున్నాను. ఎవరిదో లాడ్జి కర్టెన్లు వచ్చాయి, అవే ఆవేళ్టి పని. వదిన బావినుంచి తొట్లోకి నీళ్ళు వదిలింది. పొద్దుటి ఎండ తొట్టిమీద పడుతోంది. నీళ్ళు మామూలుగా, తేటగా ఉన్నాయి. ఆవిడ డబ్బాలోంచి నాలుగు గరిటెల బట్టల సోడా తీసి నీళ్ళలో వేసింది. లాండ్రీలో ముందు సోడా వేస్తారు, దాంతో నీళ్ళు మెత్తబడతాయి, ఆ తరవాతే సబ్బు. వదిన కర్ర పెట్టి ఒక్కసారి తిప్పింది.

తొట్టి చిలకపచ్చగా వెలిగింది.

"చూశావా, ఇదే నేను చెప్పబోయింది" అంది వదిన. "సబ్బు ఇంకా వెయ్యకముందే."

ఆ రంగు నాకు తెలియదా? వారం రోజులు చేతులకి పూసుకు తిరిగిన రంగు. ఆ రంగుకో గుణం ఉంది. పుల్లటి నీళ్ళలో అది మెరవదు. ఉంటుంది, కానీ చచ్చినట్టు పడుంటుంది. నీళ్ళలో సోడా వేసి పులుపు విరిస్తే లేచి కూర్చుంటుంది. చదువుకున్న రోజుల్లో పుస్తకంలో ఆ వాక్యం కింద నేనే గీత గీసుకున్నాను. పుల్లటి ఊటల్లో నీళ్ళు పడితే ముందు పులుపు విరిచి, ఆ తరవాతే కొలిచే మెషిన్‌లో పెట్టాలి. తూర్పున పోసిన రాళ్ళలో సున్నపురాయి కలిసి ఉంది కాబట్టి అక్కడి నీళ్ళు పులవలేదు, రంగు తిన్నగా కనబడింది. అది చూసి నేను పడమటి సీసాలు కూడా అలాగే పెట్టేశాను. పులుపు ఎంతో, రంగు ఎంతో, రెండూ పక్కపక్క గడుల్లో నా చేత్తోనే రాసి, ఆ రెండింటినీ కలిపి చూడలేకపోయాను. రంగు వచ్చిందంటే దాని వెనకే ఇనుమూ వచ్చింది. దుప్పట్లకి పట్టిన పసుపు అదే.

"వదినా, ఆ సోడా కొంచెం ఇవ్వు" అన్నాను.

"ఎందుకే? ఇంట్లో అయిపోయిందా?"

"కాదు. నేను పెద్ద తప్పు చేశాను."

ఆవిడ సోడా డబ్బా డబ్బానే నా చేతిలో పెట్టింది.

ఆ డబ్బా ఒళ్ళో పెట్టుకుని తిన్నగా గనికి వెళ్ళాను. ఆదివారం కాబట్టి మా గదిలో ఎవరూ లేరు. పడమటి ఊటలో నాలుగు నెలలు పట్టిన సీసాలన్నీ చీకటి బీరువాలో వరసగా ఉన్నాయి. పారెయ్యకుండా దాచడం మా పద్ధతి, ఆ పద్ధతి పెట్టిన మహానుభావుడెవరో గానీ ఆ వేళ ఆయనకి చేతులెత్తి దణ్ణం పెట్టాను. ఒక్కొక్క సీసాలో చిటికెడు సోడా వేసి మెషిన్‌లో పెట్టాను. మొదటి నెలవి ఖాళీ. నలభై రెండో రోజు సీసాలో రంగు. ఆ తరవాత ప్రతిదాంట్లోనూ, రాను రాను ఎక్కువగా. సాయంత్రానికి లెక్క తేలింది. డంపు నెత్తిన పడ్డ నీళ్ళలో ఎక్కువ భాగం దిగుతున్నది పడమటికే.

తూర్పున తవ్వడం ఆ గురువారం మొదలు. మెషిన్లు అప్పటికే తూర్పు పక్కకి చేరాయి.

సోమవారం పొద్దున మీటింగులో పెద్ద ఇంజనీరు, ఇంకో ఎనిమిదిమంది ఉన్నారు.

"నా రిపోర్టు తప్పండి. నీళ్ళు పడమటికి వస్తున్నాయి" అని, రెండు సీసాలు బల్లమీద పెట్టి, ఒకదాంట్లో సోడా వేసి కిటికీ వెలుగులో పట్టుకున్నాను. పెద్ద ఇంజనీరు సీసా తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇంకో మూడు రోజులైతే తూర్పున తవ్వేసేవాళ్ళం" అన్నాడు చివరికి.

"అవునండి."

"ఎవరు కనిపెట్టారిది?"

"మా వదిన. కింద లాండ్రీ ఆవిడదే. నెల కిందటే చెప్పబోయింది, నేనే వినిపించుకోలేదు."

ఎవరో కిసుక్కున నవ్వారు. పెద్ద ఇంజనీరు నవ్వలేదు. ఆ మనిషి నన్ను ఆ రోజు ఒక్క మాట అనలేదు, అందుకు ఆయనకీ నేను రుణపడే ఉన్నాను. "తప్పు సరే, కారణం కావాలి కదమ్మా" అన్నాడు. "నక్షా ప్రకారం డంపు అడుగు తూర్పుకి వాలు. నీళ్ళు పడమటికి ఎలా ఎక్కుతాయి?"

దానికి జవాబు గేటు దగ్గర స్టూలుమీద కూర్చుని ఉంది. మా గేటు కాసే ఆయన్ని అందరం రివర్స్ మావయ్య అంటాం. పాతికేళ్ళు డంపర్ నడిపి, రోజూ అంచుదాకా వెనక్కి తోలి రాయి పోసిపోసి, రిటైరయ్యాక కూడా నడిచేటప్పుడు భుజంమీంచి వెనక్కి చూసుకుంటాడు. గేటు దగ్గరికి వెళ్ళి పడమటి పక్క గురించి అడిగితే ఆయన ఆలోచించనైనా ఆలోచించలేదు.

"అటుపక్కే కదమ్మాయ్ పాత రోడ్డు. మొదటి ఆరేళ్ళూ మేం ఎక్కిందీ దిగిందీ దానిమీదే. రోజుకి రెండొందల ట్రిప్పులు. తొక్కితొక్కి అది రాయికంటే గట్టిపడింది. తరవాత దానిమీదే పోసుకుంటూ పోయాం."

"నక్షాలో లేదే మావయ్యా."

"నక్షా గీసినాయన ఏడో ఏట కదా వచ్చాడు. అప్పటికి అది పూడిపోయింది. నన్ను ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు."

డంపు కడుపులో ఒక రోడ్డు ఉందన్నమాట. పైనుంచి దిగిన నీళ్ళు ఆ గట్టి రోడ్డు తగలగానే, ఒకప్పుడు డంపర్లు దిగినట్టే దానిమీదే పడమటికి దిగుతున్నాయి. ఆ రోడ్డు చివర ఎక్కడ నేలని కలిసేదో మావయ్య కర్రతో గీత గీసి మరీ చూపించాడు. ఆ గీత మీదినుంచి తిన్నగా కిందికి చూస్తే మా వదిన షెడ్డు రేకులు కనబడ్డాయి.

గురువారం మెషిన్లు పడమటికి వచ్చాయి. మావయ్య గీసిన చోట నాలుగు మీటర్లు తవ్వాక మెషిన్ బకెట్ పళ్ళకి గట్టిది తగిలి కీచుమంది. దాని మీదనుంచి తుప్పు రంగు నీళ్ళు, సన్నగా, ఆగకుండా వస్తున్నాయి. నేను బురదలోకి దిగి సీసా పట్టి సోడా వేశాను. మెషిన్ నడిపే అతను పైనుంచి తొంగి చూసి, "పచ్చగా ఉందమ్మా" అన్నాడు, నాకు తెలియనట్టు. నాకు ఏడుపొచ్చింది. తప్పు పట్టుబడ్డందుకు అంత సంతోషపడ్డ మనిషిని నేనొక్కదాన్నే అయ్యుంటాను.

వానలు రావడానికి ఇంకా పది వారాలున్నాయి. కందకం ఆలోపే అయిపోతుంది. బావిలో నీళ్ళు తేరుకోవడానికి మాత్రం ఏడాది పైనే పడుతుంది. అందాకా గని ట్యాంకర్లతో లాండ్రీకి మంచినీళ్ళు పంపాలని పెద్ద ఇంజనీరు కాగితం రాశాడు. ఇక మిగిలింది ఆస్పత్రి. అది తిరిగి రాకపోతే ఎన్ని ట్యాంకర్లొచ్చి ఏం లాభం? వదినకి చెబితే వద్దంటుందని చెప్పకుండానే, సవరించిన రిపోర్టు పట్టుకుని పెద్దాస్పత్రికి వెళ్ళాను.

అక్కడ బట్టల వ్యవహారం చూసేది ఒక పెద్ద నర్సు. సన్నగా, నిటారుగా ఉంటుంది. బీరువాలకి మధ్య చిన్న బల్ల, దానిమీద పసుపు మరకలున్న దుప్పటి ఒకటి మడతపెట్టి ఉంది. నేను ఎవరో చెప్పి, జరిగిందంతా చెప్పి, తప్పు లాండ్రీది కాదు, నీళ్ళది, నీళ్ళు బావున్నాయని చెప్పిన నాది అన్నాను. ఆవిడ అంతా విని, కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది.

"మీరేనా ఆ మరదలు" అంది.

"ఏ మరదలండి?"

ఆవిడ సొరుగులోంచి ఒక కాగితం తీసి నా ముందు పెట్టింది. వదిన రాత. చీటీల్లో "బాగా రాయి" అని రాసిన ఆ గుండ్రటి రాతే. పైన తేదీ ఉంది. నేను ఫోన్ పెట్టేసిన రోజుకి మర్నాడు.

"దుప్పట్లమీద పసుపు మరకలకి బాధ్యత పూర్తిగా మాదే. నీళ్ళని అనుమానించవద్దు. మా తమ్ముడి భార్య గనిలో నీళ్ళు పరీక్షించే ఉద్యోగం చేస్తుంది. మా బావి నీళ్ళు ఆమె స్వయంగా పరీక్షించి మంచివని చెప్పింది. ఆమె చెప్పాక తిరుగు లేదు. పైపులు తుప్పు పట్టి ఉంటాయని కూడా ఆమే చెప్పింది, అవన్నీ మార్పిస్తున్నాను. ఒక్క నెల గడువు ఇవ్వండి."

"నీళ్ళేమో చూసుకోమని నేను రెండుసార్లు అన్నాను" అంది పెద్ద నర్సు. "మా మరదలు చూసింది కదా అని ఒకటే మాట. పైపులు మార్చాక కూడా పసుపొస్తే నేనింక ఏం చెయ్యను? ఆపేశాను."

తొట్లో మెరుపుని కళ్ళారా చూసిన మనిషి. చూసింది చూసినట్టు చెబితే నేను విసుక్కున్నాను. ఆవిడ తన కళ్ళని పక్కనపెట్టి నా మాట పట్టుకుంది. నా మాటకోసం పైపులన్నీ మార్పించింది, నలుగురిని ఇంటికి పంపింది, ఆస్పత్రిని పోగొట్టుకుంది. నేను వెళ్ళిన ఆదివారం కూడా, ఇదంతా నీ మాటవల్లే జరిగిందని ఒక్క ముక్క అనలేదు. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు నాకు.

పెద్ద నర్సు నా రిపోర్టు మళ్ళీ మొదటినుంచి చదివింది. "ట్యాంకర్ నీళ్ళతో ఇరవై దుప్పట్లు ఉతికి పంపమనండి. తెల్లగా వస్తే సోమవారంనుంచి మామూలే" అంది. ఆ కాగితం నాకిస్తారా అని అడిగాను. ఇవ్వనంది. ఫైల్లోది కదా, మరి.

ఇరవై దుప్పట్లు శనివారం ఉతికారు. కబురందుకుని ఆ నలుగురూ వచ్చేశారు, ఇరవై దుప్పట్లకి ఆరుగురు ఎందుకని వదిన అంటున్నా వినకుండా. నేనూ వెళ్ళాను. ఆరిన దుప్పట్లు మడతపెట్టడానికి ఇద్దరు కావాలి. రెండు కొసలు వదిన పట్టుకుంటే రెండు కొసలు నేను పట్టుకున్నాను. తెల్లగా ఉన్నాయి. ఎండకి కళ్ళు చికిలించుకోవాల్సినంత తెల్లగా.

"ఉత్తరం చూశాను వదినా" అన్నాను.

ఆవిడకి ఏ ఉత్తరమో వెంటనే అర్థమైంది. దుప్పటి సాగదీస్తూ, "అదా" అంది.

"ఎందుకలా రాశావు? నీ కళ్ళతో నువ్వు చూశావుగా."

"చూశాననుకో. మరి నువ్వు కాదన్నావుగా."

అంతే. అందులో ఎత్తిపొడుపు లేదు, త్యాగం చేసినట్టు లేదు. పొద్దు తూర్పున పొడుస్తుందన్నంత మామూలుగా అంది. నాకు దుఃఖం ఆగలేదు. కొసలు చేతుల్తో పట్టుకునే ఏడ్చాను. పిల్లని చంకనేసుకుని వెళ్ళిన రోజునుంచీ ఈ రోజుదాకా ఆవిడ నాకు చేసినవన్నీ ఒకటి తరవాత ఒకటి వరస లేకుండా చెప్పాను. నువ్వు లేకపోతే నేను లేను అన్నాను. మా ఇంట్లో ఎవరూ ఎవరితోనూ ఎన్నడూ అనని మాట, నీకు కృతజ్ఞురాలిని అని, పుస్తకంలోంచి చదివినట్టు అనేశాను. ఇంకో మాట దొరకలేదు మరి. పక్కన పనిచేసేవాళ్ళు అటు తిరిగి బుట్టలు సర్దుకున్నారు.

వదిన అంతా విన్నది. ఆవిడ కళ్ళు కూడా తడిశాయి, కానీ చేతులు ఖాళీ లేవు తుడుచుకోవడానికి.

"ఏడిస్తే ఏడిచావు గానీ" అంది, "ఆ కొస నేలకి తగలనివ్వకు. ఇంకా పద్దెనిమిది ఉన్నాయి."